మోటార్‌హోమ్‌కి ఏ బ్రాండ్ టైర్లు? ముందు ఆ టైరు ఎప్పుడు పుట్టిందో చూడండి

"38 అడుగుల డీజిల్ మోటార్‌హోమ్ (వంటిల్లు, పడకలతో చక్రాల మీద తిరిగే ఇల్లు) కొన్నాం, టైర్లు మార్చాలి. మిషెలిన్, గుడ్‌ఇయర్, టోయో, కాంటినెంటల్ వీటిలో ఏది మంచిది? ఎక్కువ మైళ్ళు వస్తుందని లారీలవాళ్ళు ఏది చెప్తే అది వేయించుకుంటే సరిపోతుందా?" అని మీరు ఇక్కడ అడిగారు.

ఆ చివరి వాక్యం చూశాక రాయకుండా ఉండలేకపోయాను. లారీలవాళ్ళ మైళ్ళ లెక్క మన బండికి పనికిరాదు. ఆ ముక్క నాకు 2019 జూన్‌లో, పశ్చిమ టెక్సస్‌లో ఐ-20 హైవే పక్కన నాలుగు గంటలు ఎండలో నిలబడ్డాక తెలిసింది.

మేం డాలస్ దగ్గర ఉంటాం. విజయవాడ నుంచి అమ్మ, నాన్న వేసవికి వస్తున్నారని ఆ ఫిబ్రవరిలో 36 అడుగుల సెకండ్ హ్యాండ్ బండి కొన్నాను, 2010 మోడల్. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. రోజుకో హోటల్లో పెట్టెలు దించి ఎక్కించే పని లేకుండా, అమ్మ వంట అమ్మ చేసుకుంటూ, న్యూమెక్సికోలో కార్ల్స్‌బాడ్ గుహలూ, వైట్ శాండ్స్ తెల్ల ఇసుక దిబ్బలూ చూపించి తీసుకురావాలని నా ఆశ. బండి చూపించిన రోజున డీలరు టైరుని బూటుతో తట్టి, "ట్రెడ్ చూడండి, కొత్తవాటిలాగే ఉన్నాయి" అన్నాడు. నిజంగా అలాగే ఉన్నాయి. గాట్లు లోతుగా, పక్కలు నల్లగా మెరుస్తూ ఉన్నాయి. బ్రాండ్ కూడా మంచి పేరున్నదే. నేను ఇంజిన్ చూశాను, ఏసీలు చూశాను, స్లైడ్‌లు (లోపల చోటు పెరగడానికి బయటికి జరిగే గోడలు) రెండుసార్లు బయటికీ లోపలికీ నడిపించి చూశాను. బండి కిందికి దూరి మాత్రం చూడలేదు.

జూన్‌లో అందరం బయల్దేరి, దారిలో స్వీట్‌వాటర్ అనే ఊరు దాటాం. అక్కడ రోడ్డుకి రెండు వైపులా కనుచూపుమేర గాలిమరలే. మధ్యాహ్నం రెండవుతోంది, బయట 102 డిగ్రీల ఫారన్‌హీట్. స్పీడ్ లిమిట్ 75 మైళ్ళు ఉన్నా నేను 65 దాటలేదు. నాన్న నా పక్క సీట్లో ఉన్నారు. వెనక సోఫాలో అమ్మ పిల్లలకి పెరుగన్నం కలిపి పెడుతోంది.

తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు, నాన్న కాళ్ళ కిందనుంచి. మరుక్షణం స్టీరింగ్ కుడివైపుకి లాక్కుపోయింది. నా కాలు బ్రేక్ మీదికి వెళ్ళబోయింది. బండి కొన్న కొత్తలో క్యాంప్‌గ్రౌండ్‌లో పక్క సైట్ పెద్దాయన చెప్పిన ఒకే ఒక్క మాట దాన్ని ఆపింది: "ముందు టైరు పేలితే బ్రేక్ తొక్కకు, యాక్సిలరేటర్ తొక్కు." పేలిన టైరు బండిని తనవైపుకి ఈడుస్తుంది. బ్రేక్ వేస్తే బరువంతా ముందుకొచ్చి ఆ ఈడుపు ఇంకా పెరుగుతుంది. ఇంజిన్ వెనకనుంచి తోస్తూ ఉంటే బండిని తిన్నగా నిలబెట్టుకోవచ్చు. నేను తొక్కాను. రెండు చేతులతో స్టీరింగ్ బిగపట్టి, బండి లైన్లోకి వచ్చాక కాలు తీసి, దానంతటది నెమ్మదించేదాకా ఆగి, షోల్డర్ (రోడ్డు అంచు) మీదికి తెచ్చి ఆపాను. వెనక్కి తిరిగి చూస్తే పెరుగన్నం గిన్నె నేల మీద బోర్లా పడి ఉంది. అమ్మ చేతిలో కలిపిన ముద్ద అలాగే ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

దిగుదామంటే మెట్టు రాలేదు. ఈ బండ్లకి తలుపు తీయగానే కరెంటుతో బయటికొచ్చే మెట్టు ఉంటుంది. మా బండికి అది కుడి ముందు చక్రం పక్కనే. టైరు చీలికలు కొరడాల్లా తిరిగి దాని వైర్లని తెంపేశాయి. చక్రం చుట్టూ ఉన్న ఫైబర్ పగిలి వేలాడుతోంది. మోకాళ్ళ నొప్పుల మనిషిని నేనూ మా ఆవిడా చెరో చెయ్యీ పట్టుకుని కిందికి దించాం. వచ్చిన దారి పొడవునా నల్ల ముక్కలు.

స్టెప్నీ లేదు. ఇంత పెద్ద మోటార్‌హోమ్‌లలో చాలావాటికి స్టెప్నీ ఇవ్వరు, దీని మీద నాకు ఇప్పటికీ కోపం. మూడు టీవీలు పెడతారు, వాషింగ్ మెషిన్ పెడతారు, ఆరు చక్రాల బండికి ఏడో చక్రం పెట్టరు. రోడ్ సర్వీస్‌కి ఫోన్ చేస్తే ముందు సైజు అడిగారు. 255/80ఆర్22.5 అని చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. లారీలు వాడే 11ఆర్22.5, 295/75ఆర్22.5 అయితే ఆ హైవే మీద ఎక్కడైనా దొరుకుతాయి. నాది అబిలీన్ అనే ఊరి నుంచి తెప్పించాల్సి వచ్చింది. జనరేటర్‌కి ఏమీ కాలేదు కాబట్టి లోపల ఏసీ నడిచింది, లేకపోతే ఆ ఎండలో అమ్మానాన్నలని ఏం చేసేవాణ్ణో తలుచుకుంటేనే భయం. అందుకే బ్రాండ్లు పోల్చే ముందు మీ సైజు ఎవరెవరు తయారు చేస్తున్నారో చూసుకోమంటున్నాను. కొన్ని సైజుల్లో నాలుగు బ్రాండ్ల పోటీ అన్న మాటే ఉండదు.

టైరు తెచ్చిన కుర్రాడు పాతదాన్ని విప్పి, లోపలి పక్క మా వైపుకి తిప్పి టార్చి వేశాడు. డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగంకెలు: 3410. అంటే 2010లో 34వ వారం. దాదాపు తొమ్మిదేళ్ళ టైరు. ఆ తేదీ టైరుకి ఒక పక్క ఉంటే చాలన్నది అమెరికాలో రూలు. మా బండికి బిగించినవాళ్ళు ఆ పక్కని లోపలికి పెట్టారు. బయట నిలబడి చూసేవాడికి ఏ జన్మకీ కనపడదు.

నాన్న ఒక రబ్బరు ముక్కని చేతిలోకి తీసుకుని వంచారు. వంచినచోట సన్నటి పగుళ్ళు వరసగా నోరు తెరిచాయి. ఆయన 26 ఏళ్ళు సొంత లారీ నడిపారు, ఆటోనగర్‌లో టైర్ల షాపులన్నీ ఆయనకి తెలుసు. "ఒరేయ్, మన లారీకి తొమ్మిదేళ్ళు ఉన్న టైరుని నేనెప్పుడూ చూడలేదురా. ఏడాది తిరక్కుండానే గుండైపోయేది, రీబటన్ (పైన కొత్త రబ్బరు) వేయించి వెనక్కి మార్చేవాళ్ళం. అరక్కుండా ముసలిదయ్యే టైరు ఉంటుందని నాకేం తెలుసు" అన్నారు.

నేను చెప్పదలుచుకున్నది అదే. లారీ టైరు తిరిగి తిరిగి పోతుంది, మన టైరు నిలబడి నిలబడి పోతుంది. టైరు రబ్బరులో మైనంలాంటి పదార్థం కలుపుతారు. టైరు తిరుగుతూ, నలుగుతూ ఉంటే అది పైకి వచ్చి గాలిలోని ఓజోన్ నుంచి రబ్బరుని కాపాడుతుంది. ఏడాదికి నాలుగైదు వేల మైళ్ళు తిరిగి, మిగతా పది నెలలు ఎండలో నిలబడే బండికి ఆ పని సరిగ్గా జరగదు. పైన ట్రెడ్ నిండుగా ఉంటుంది, లోపల రబ్బరు ఎండిపోతుంది. అందుకని లారీ డ్రైవర్ ఒక బ్రాండ్‌కి రెండు లక్షల మైళ్ళు వచ్చాయన్నా, ఇంకోదానికి లక్షే వచ్చాయన్నా ఆ తేడా మన దాకా రాదు. మిషెలిన్ వాళ్ళే అయిదేళ్ళు దాటిన టైర్లని ఏటా చూపించుకోమని, ఎంత బాగున్నా తయారైన పదేళ్ళకి తీసేయమని చెప్తారు. నా మట్టుకు ముందు చక్రాలకి ఏడేళ్ళే హద్దు. ఈ విషయంలో నాతో ఎవరు వాదించినా నేను మారను.

వయసు తర్వాత చూడాల్సింది బరువు. ఆ ట్రిప్ నుంచి వచ్చాక బండిని నింపుకుని, అందరం ఎక్కి, ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ అనే తూకం మీద నిలబెట్టాను. అది ముందు, వెనక యాక్సిళ్ళ (ఇరుసుల) బరువు విడివిడిగా కాగితం మీద ఇస్తుంది, ఖర్చు ఒక భోజనం పాటిది. ముందు యాక్సిల్ హద్దు 10,410 పౌండ్లు. నాది 10,260 వచ్చింది! సోనామసూరి బస్తాలు, నిండా నీళ్ళ ట్యాంకు, సామాన్ల అరల్లో నేను పోగేసిన పనిముట్లు, అన్నీ కలిసి అక్కడికి తెచ్చాయి. ఎండలో, నిలవ టైరు మీద, హద్దుకి 150 పౌండ్ల దూరంలో నడిపానన్నమాట. గాలి ఎంత పెట్టాలన్నది కూడా ఈ బరువుని బట్టే. ప్రతి కంపెనీ తన సైజులకి బరువు, గాలి పట్టిక ఇస్తుంది, ఒంటి చక్రానికి వేరు, జత చక్రాలకి వేరు. బరువు తెలియకుండా అంచనాగా కొట్టిస్తే తక్కువైతే టైరు వేడెక్కుతుంది, ఎక్కువైతే బండి రోడ్డు మీద ఎగురుతుంది. పొద్దున్నే, బండి కదలకముందు చూడండి. మధ్యాహ్నం నడిచిన టైర్లో గాలి పెరిగి కనపడుతుంది, అది చూసి కంగారుపడి తీసేయకూడదు.

బ్రాండ్ల సంగతి అడిగారు కాబట్టి చెప్తాను. నేను ఆరూ మిషెలిన్ ఎక్స్‌ఆర్‌వీ వేయించాను. కారణాలు రెండు. నా సైజులో కొత్త తేదీతో దొరికినవి అవే. రెండోది, సిన్సినాటిలో ఉన్న ఎఫ్ఎంసీఏ అనే మోటార్‌హోమ్ యజమానుల సంఘంలో సభ్యత్వం తీసుకుంటే పెద్ద లారీ కంపెనీలకి ఇచ్చే రేటుకి మిషెలిన్ టైర్లు వస్తాయి. సభ్యత్వం డబ్బులు ఒక్క టైరులోనే తిరిగొచ్చాయి. ప్రయాణం మెత్తగా ఉంది, అమ్మ కాఫీ గ్లాసు కప్ హోల్డర్‌లో పెట్టకుండా చేత్తోనే పట్టుకుని తాగింది. హ్యూస్టన్‌లో మా బావమరిది 40 అడుగుల బండికి గుడ్‌ఇయర్ జీ670 ఆర్‌వీ వేశాడు, అది మోటార్‌హోమ్‌ల కోసమే చేసిన మోడల్, తనకి ఏ ఫిర్యాదూ లేదు. ఆస్టిన్‌లో ఒక మిత్రుడు టోయో వేయించి మంచి డబ్బు మిగుల్చుకున్నాడు, నాకు దానికీ దీనికీ పెద్ద తేడా అనిపించలేదు. ఈ పెద్ద పేర్లలో ఏదైనా ఫరవాలేదు. మూడేళ్ళు గోడౌన్‌లో పడున్న మిషెలిన్ కంటే మూడు నెలల టోయో మేలని నా గట్టి నమ్మకం.

బ్రాండ్ కంటే మోడల్ ఏ పనికి చేశారన్నది ముఖ్యం. గుడ్‌ఇయర్‌దే జీ159 అనే టైరు 275/70ఆర్22.5 సైజులో 1996 నుంచి 2003 దాకా తయారైంది. ఊళ్ళో సరుకు దించే ట్రక్కుల కోసం చేసిన దాన్ని మోటార్‌హోమ్‌లకి బిగించారు. హైవే మీద గంటల తరబడి వేడికి వాటి పొరలు విడిపోయి ప్రమాదాలు జరిగాయి, మనుషులు పోయారు. చివరికి 2022లో, తయారీ ఆపిన 19 ఏళ్ళకి, లక్షా డెబ్భై మూడు వేలకి పైగా టైర్లకి రీకాల్ ఇచ్చారు. అదే కంపెనీ జీ670 చేసింది చూడండి. కాబట్టి "గుడ్‌ఇయర్ మంచిదా?" అని అడిగితే జవాబు ఉండదు. ఏ మోడల్, ఏ సైజు, ఎన్ని మైళ్ళ వేగానికి, ఎంత బరువుకి అని అడగండి. పశ్చిమ టెక్సస్‌లో ఐ-10 హైవే మీద 80 మైళ్ళ బోర్డు పెట్టారు, కానీ మన టైర్లలో చాలావాటి వేగం హద్దు 75. ఆ బోర్డు మన కోసం కాదు.

కాలనీలో బండి పెట్టుకోనివ్వరు కాబట్టి నెలనెలా అద్దె కట్టి కంకర మైదానంలో నిలబెడతాం. ఆ ఎండ నుంచి కాపాడటానికి చక్రాలకి తెల్ల తొడుగులు వేయండి. మెరుపు కోసం పెట్రోలియం కలిసిన పాలిష్ పూయొద్దు, అది రబ్బరులోని రక్షణని లాగేస్తుంది. నాకు అమ్మిన బండి టైర్లకి మెరుపు అలాగే వచ్చింది. షాపువాళ్ళు "కొత్త టైరు" అంటే వాడనిదని మాత్రమే అర్థం. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఆరు నెలల లోపు తేదీ కావాలని చెప్పండి, బిగించకముందు ఆరింటినీ నేల మీద పెట్టించి చదవండి, తేదీ ఉన్న పక్క బయటికి వచ్చేలా వేయమనండి. జత చక్రాల్లో లోపలి దానికి అది కుదరదు, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. నట్లు ఇంపాక్ట్ గన్‌తో ఇష్టమొచ్చినట్టు బిగించి వదిలేస్తారు. మా బండికి కావాల్సిన బిగింపు 450 నుంచి 500 ఫుట్-పౌండ్లు, దాన్ని కొలిచే టార్క్ రెంచి పెట్టేదాకా నేను షాపులోంచి కదల్లేదు, వంద మైళ్ళలోపు ఇంకోసారి చూపించాను.

మీ బండి ఏ సంవత్సరందో, ఇప్పుడున్న టైర్లు దాంతోపాటు వచ్చినవో కావో రాయలేదు. ఈ వారాంతం ఒక అట్ట పరుచుకుని కిందికి దూరి ఆరింటి అంకెలూ, ముందు యాక్సిల్ బరువూ ఇక్కడ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం. నావి 1419, అంటే 2019 ఏప్రిల్‌వి. ట్రెడ్ ఇంకా నిండుగానే ఉంది. ఏడేళ్ళు నిండేలోపే ముందు రెండూ తీయించేస్తాను.