1884 కార్టూన్‌లో ఏడుస్తున్న పిల్లాడు: అది పొగడ్త కాదండీ

1884 అమెరికా అధ్యక్ష ఎన్నికల మీద మీ ప్రెజెంటేషన్ కోసం తీసుకున్న కార్టూన్ గురించి అడిగారు కదా. "క్లీవ్‌లాండ్‌కి మరో గొంతు" అన్న శీర్షిక చూసి డెమోక్రాటిక్ పార్టీ అభ్యర్థి గ్రోవర్ క్లీవ్‌లాండ్‌ను సమర్థించే బొమ్మ అనుకున్నారు, పిల్లాడు ఎందుకు ఏడుస్తున్నాడో అర్థం కాలేదన్నారు. ఆ శీర్షికే ఎత్తిపొడుపు. దాన్ని ఫ్రాంక్ బియర్డ్ 1884 సెప్టెంబరులో డెమోక్రాట్లంటే పడని 'జడ్జ్' పత్రికకు గీశారు. తల్లి చంకలోని పిల్లాడు "నాకు నాన్న కావాలి" అని క్లీవ్‌లాండ్ వైపు చేతులు చాస్తున్నాడు. నిజాయితీపరుడని పేరు పడ్డ అభ్యర్థికి పెళ్లి కాకుండానే బిడ్డ ఉన్నాడన్న వార్త ఆ వేసవిలోనే న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగర పత్రికలో వచ్చింది. నీతిమంతుడి పేరుకూ ఆ ఏడుపుకూ మధ్య ఉన్న దూరమే అక్కడి వ్యంగ్యం.

అయితే ఇదొక్కటే చూపిస్తే మీ ప్రెజెంటేషన్ ఒక వైపుకే ఒరిగిపోతుంది. పక్కనే 'పక్' పత్రికలో జూన్ 4న వచ్చిన బెర్న్‌హార్డ్ గిల్లమ్ బొమ్మ కూడా పెట్టండి. నాకు రెండింట్లో అదే గొప్పది. ఆ ఎన్నికల్లో క్లీవ్‌లాండ్ మీద పోటీ చేసిన రిపబ్లికన్ నేత జేమ్స్ బ్లెయిన్ అందులో సొంత పార్టీ పెద్దల ముందు దాదాపు బట్టల్లేకుండా నిలబడి ఉంటాడు, ఒళ్లంతా పచ్చబొట్లు. ఆ పచ్చబొట్లు ఆయన మీద వచ్చిన ఆరోపణల, కుంభకోణాల పేర్లు. రైల్వే లావాదేవీల గురించి రాసిన ఉత్తరం చివర "దీన్ని కాల్చేయండి" అని రాసుకున్న మనిషి ఆయన. కాగితాన్ని కాల్చొచ్చు, పచ్చబొట్టును చెరపలేరు కదా!

ఇకపై ఇలాంటి బొమ్మ ఏది దొరికినా ముందు పత్రిక పేరు, తేదీ చూడండి. ఎవరి పక్షమో తెలిశాకే శీర్షిక చదవండి.