ఇంత జాగ్రత్తపరుడు ఎందుకు తెగిస్తున్నారు?

ప్రశ్న: మావారు ఒక ప్రైవేటు కళాశాలలో అకౌంటెంటు. చీటీ కూడా కట్టనివ్వని మనిషి. డబ్బంటే బ్యాంకు డిపాజిట్టే. అలాంటివారు రెండేళ్ల క్రితం స్నేహితుడి మాట విని ఆప్షన్స్ ట్రేడింగ్‌లోకి, అంటే షేర్ మార్కెట్‌లో ధరలు పెరుగుతాయా తగ్గుతాయా అని పందెం కాసినట్టుండే వ్యాపారంలోకి దిగారు. మొదట్లో కాస్త లాభం కనిపించింది. ఇప్పటికి ఆరు లక్షలు పోయాయి. ఉదయం తొమ్మిదింబావుకు మార్కెట్ తెరిస్తే చాలు, ఫోను పట్టుకుని స్నానాలగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటున్నారు. ఇప్పుడు నా నగలు తాకట్టు పెడదామని, పోయిన చోటే వెతుక్కోవాలని అంటున్నారు. ఆయనకు అత్యాశ పుట్టిందా? మామగారికి చెప్పమంటారా? - ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అత్యాశ అని నేను అనుకోను. మొదట్లో ఆశ ఉండి ఉంటుంది. ఇప్పుడు ఆయన్ని నడిపిస్తున్నది నష్టం. చీటీకి జంకిన మనిషీ, నగలు అడుగుతున్న మనిషీ ఒక్కరే. చేతిలోది పోవడం ఆయన భరించలేరు. అప్పుడు వెనకాడిందీ అందుకే, ఇప్పుడు తెగిస్తున్నదీ అందుకే.

డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ప్రచురించిన పరిశోధన ఉంది. ఖాయంగా వచ్చే 3,000 కావాలా, నూటికి 80 పాళ్లు 4,000 వచ్చే అవకాశం కావాలా అని అడిగితే 80 శాతం మంది ఖాయమైనదే చాలన్నారు. అదే ప్రశ్నను నష్టం వైపు తిప్పారు: 3,000 ఖాయంగా వదులుకుంటారా, లేక 4,000 పోయే అవకాశం 80 పాళ్లు ఉన్న పందెం కాస్తారా? 92 శాతం మంది పందేనికే మొగ్గారు. లెక్క కడితే పందెంలోనే నష్టం ఎక్కువ. అయినా ‘అసలేమీ పోకపోవచ్చు’ అన్న ఆ 20 పాళ్ల సందు వారిని లాగింది.

మీవారి మనసులో ఆ ఆరు లక్షలు ఇంకా పోలేదు. అందుకే నగల తాకట్టు ఆయనకు కొత్త ప్రమాదంలా కాక పాత నష్టానికి మందులా కనిపిస్తోంది. ఆయన ఒంటరి కూడా కాదు. ఆప్షన్స్‌లో, అలాంటివే అయిన ఫ్యూచర్స్‌లో మూడేళ్లపాటు వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని, వరుసగా నష్టాలు వస్తున్నా వారిలో 75 శాతానికి పైగా మానలేదని 2024 సెప్టెంబరులో షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ప్రకటించింది. ఈ అంకెలతో ఆయన మీద వాదనకు మాత్రం దిగకండి. ఆయన చార్టులు తెరుస్తారు, లెక్కల మనిషి కదా!

నగలు ఇవ్వకండి. స్త్రీధనం భార్య సొంతమని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. అయినా చట్టం మాట ఎత్తకుండా, ‘ఇవి ఇవ్వను, మీతో పోట్లాడను’ అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. సెలవు రోజు, మార్కెట్ లేనప్పుడు, ఇద్దరూ కూర్చుని పోయినదంతా ఒక కాగితం మీద రాయండి. తెలియకుండా చేసిన అప్పులుంటే అవీ రావాలి. కింద కూడిక ఆయన చేతే వేయించండి. ఆ తర్వాత ఒకటే ప్రశ్న: ‘ఏమీ పోగొట్టుకోకుండా ఈ రోజే మన చేతికి ఇంత డబ్బు వస్తే, ఇందులో పెడతారా?’ జవాబు కోసం తొందరపెట్టకండి.

నిద్ర పట్టకపోవడం, అబద్ధాలు, రహస్యపు అప్పులు కనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. ‘నేను లేకపోతే పీడా పోతుంది’ వంటి మాట ఒక్కటి వచ్చినా ఆయన్ని ఒంటరిగా వదలకండి, ఆ రోజే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.

ఇక మామగారి సంగతి. మీవారికి తెలియకుండా ఆయనకు చెప్పకండి. సిగ్గుపడ్డ మనిషి, నాన్నకు తెలిసేలోపే పూడ్చేయాలని ఇంకా పెద్ద పందెం కాస్తాడు. కాగితం రాసిన తర్వాత, చెప్పక తప్పదనిపిస్తే, ముందు మీవారికే ఆ మాట చెప్పి ఇద్దరూ కలిసి వెళ్లండి.