కరిగి కారుతున్నట్టుండే పాతకాలపు అక్షరాలు తిరుపతిలో జ్యూస్ షాపు బోర్డుకు పనికొస్తాయా?
పనికొస్తాయి, షాపు పేరుకు మాత్రమే. మీరు అడిగినవి సైకెడెలిక్ అక్షరాలు. 1966లో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్ హాలు కచేరీ పోస్టర్లకు వెస్ విల్సన్ గీసిన తీరు. దాని మూలం ఇంకా పాతది: 1900ల మొదట్లో వియన్నా చిత్రకారుడు ఆల్‌ఫ్రెడ్ రోలర్ రాసిన అక్షరాలు. ఒక్కో అక్షరం పక్కదాన్ని ఒరుసుకుంటూ ఉబ్బి, ఖాళీ అంతా నింపేస్తుంది. అప్పటి మరో పోస్టర్ చిత్రకారుడు విక్టర్ మొస్కోసో అయితే ఎరుపు పక్కనే నీలం లాంటి రంగులు పెట్టి కళ్లు అదిరేలా చేశాడు. చప్పున చదవలేకపోవడమే అందులో కిటుకు, జనం ఆగి చూస్తారని.

మనకు అక్కడే చిక్కు. అలిపిరి వైపు బస్సులో పోయే యాత్రికుడు మీ బోర్డు కోసం ఆగడు కదా! అందుకే ధరలు, ఫోన్ నంబరు మామూలు అక్షరాల్లోనే ఉండాలి.

పేరు తెలుగులో అయితే ఇంగ్లీషు ఫాంటు పనిచేయదు, పెయింటర్‌తో గీయించాలి. మన లిపి ముందే గుండ్రం కాబట్టి బాగా ఒదుగుతుంది. కానీ ఒత్తులు కింది వరుసలో కలిసిపోతాయి. ‘ష’ లోపలి గీత పూడిపోయిందా, మీ షాపు కాస్తా ‘పాపు’ అవుతుంది!