హంబన్‌టోట: ‘స్వాధీనం’ అన్న మాట ఎంతవరకు నిజం?

ప్రశ్న: శ్రీలంక బాకీ తీర్చలేకపోవడంతో హంబన్‌టోట ఓడరేవును చైనా స్వాధీనం చేసుకుందని వార్తల్లో తరచూ వింటున్నాం. జరిగింది అదేనా? – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: కాదు. అక్కడ జరిగినవి రెండు వేర్వేరు లావాదేవీలు. రేవు తొలి దశ కోసం 2007లో శ్రీలంక ప్రభుత్వం చైనా ఎగ్జిమ్ బ్యాంకు నుంచి 6.3 శాతం వడ్డీకి సుమారు 30.7 కోట్ల డాలర్ల అప్పు తీసుకుంది. 2010లో రేవు తెరిచారు గానీ ఓడలు తగినన్ని రాక నష్టాలపాలైంది. 2017లో దాన్ని చైనా మర్చంట్స్ పోర్ట్ సంస్థకు 112 కోట్ల డాలర్లకు 99 ఏళ్ల లీజుకు ఇచ్చారు. ఆ సొమ్ముతో ఎగ్జిమ్ బ్యాంకు బాకీ రద్దు కాలేదు. సొమ్ము విదేశీ మారక నిల్వలకు ఊతమైంది, బాకీ మాత్రం శ్రీలంక ఖజానా మీదే మిగిలింది. తాకట్టు వస్తువును జప్తు చేస్తే అప్పు చెల్లిపోవాలి కదా!

అప్పట్లో కొలంబోను ఎక్కువగా ఒత్తిడి చేసింది అంతర్జాతీయ మార్కెట్లో అమ్మిన బాండ్ల చెల్లింపులు. ఈ సంగతి చెప్పాలంటే నాలుగు వాక్యాలు పడుతుంది. టీవీ తెర మీద భారత్ చుట్టూ ఎర్ర చుక్కలు పెట్టి ‘ముత్యాల సరం’ (చైనా రేవులతో భారత్‌ను చుట్టుముడుతోందన్న వాదన) అని చూపించడానికి నాలుగు క్షణాలు చాలు. ఆ పటంలో శ్రీలంక వాళ్లే ఉండరు. హంబన్‌టోటలో రేవు కట్టాలన్న ఆలోచన చైనాది కాదు. 2003లోనే ఒక కెనడా సంస్థ సాధ్యాసాధ్యాల అధ్యయనం చేసింది. దాన్ని పట్టుబట్టి కట్టించిన అప్పటి అధ్యక్షుడు మహింద రాజపక్సకు అది సొంత జిల్లా. 2017 జనవరిలో, లీజు మీదా పారిశ్రామిక వాడకు పోయే భూముల మీదా స్థానికులు, బౌద్ధ భిక్షువులు వీధికెక్కితే పోలీసులు బాష్పవాయువు, నీటి ఫిరంగులు ప్రయోగించారు. వారి గోడు మన బులెటిన్లలో ఎంతసేపు వినిపించింది?

భద్రత గురించిన ఆందోళన అర్థం లేనిదని నేను అనను. భారత్ అభ్యంతరం చెప్పినా 2022 ఆగస్టు 16న ఉపగ్రహాలు, క్షిపణుల జాడ కనిపెట్టే చైనా నౌక యువాన్ వాంగ్ 5 అదే రేవుకు వచ్చింది. దాని మీద లోతైన వార్తలు రావలసిందే. అయితే నౌక రావడం వేరు, రేవు జప్తు కావడం వేరు.

కొలంబో పశ్చిమ కంటైనర్ టెర్మినల్‌లో అదానీ సంస్థకు 51 శాతం వాటా, 35 ఏళ్ల ఒప్పందం ఉన్నాయి. దాన్ని మన పత్రికలు ‘పెట్టుబడి’ అని రాశాయి, ఆ మాట సరైనదే. హంబన్‌టోట గురించి రాసేటప్పుడు కూడా వడ్డీ ఎంత, గడువు ఎంత, భూమి ఎవరిది అన్నవి ముందు చెప్పి, పేరు ఆ తర్వాత పెట్టాలని పాఠకులు అడగవచ్చు.