రెండో కప్పు టీ

ప్రశ్న: మాది మల్కాజిగిరి. మావారు పోయి ఎనిమిది నెలలైంది. రోజూ ఐదింటికి ఇద్దరం టీ తాగేవాళ్లం. ఆయన ఉస్మానియా బిస్కెట్ మరీ ఎక్కువసేపు ముంచేవారు, అది విరిగి కప్పులో పడితే చెంచాతో తీసుకుని తినేవారు. ఇప్పటికీ రెండు కప్పులకే నీళ్లు పెట్టేస్తున్నాను. రెండోది సింకులో పోస్తుంటే ఏడుపు ఆగదు. నేను ఏడుస్తానని ఇంట్లో ఎవరూ ఆయన మాటెత్తరు. గులాబీ రేకులు, తులసి వేసి కాచిన టీకి మన బాధ చెప్పుకుని, సగం తాగి, మిగతాది చెట్టు మొదట్లో పోస్తే దుఃఖం వదిలిపోతుందని తెలిసినావిడ చెప్పింది. కోడలు 'ఇదేం పిచ్చి అత్తయ్యా' అంటోంది. చేయొచ్చా? నేను బీపీకి, రక్తం పలచబడటానికి మాత్రలు వాడుతున్నాను.

జవాబు: చేయండమ్మా. పిచ్చేమీ కాదు. పెద్దకర్మ రోజున పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి కాకి కోసం చూస్తాం. గారెల పక్కన టీ గ్లాసు పెట్టిన ఇళ్లూ ఉన్నాయి. పెత్రమాసకి స్వయంపాకం ఇస్తాం. వాటినెవరూ పిచ్చి అనరు కదా!

నాకు పేచీ 'వదిలిపోతుంది' అన్న మాటతోనే. పది రోజులు చేశాక పదకొండో రోజు ఏడుపొస్తే, ఎక్కడో తప్పు చేశానని మళ్లీ అదో టెన్షన్. టీకి అంత శక్తి లేదు. మేలు చేసేది, ఆ కాసేపు మీరు ఆయన గురించి నోరు విప్పడం.

దానికి గులాబీలెందుకు? దండల కోసం అమ్మే పూలకి పురుగుమందు అంటుకుని ఉండొచ్చు. మూలికల టీ ప్యాకెట్లయితే డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు. వాటిలో కొన్నింట్లో ఉండే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక, రక్తం పలచబడటానికిచ్చే వార్ఫరిన్ పనిని తగ్గించేస్తుంది. మీరిద్దరూ తాగిన ఆ పాల టీయే పెట్టుకోండి. చెట్టుకి పోసేముందు చల్లారనివ్వండి, లేకపోతే వేర్లు ఉడికిపోతాయి. చక్కెరకి చీమలు పడతాయి, అది మీ ఇష్టం.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆరు నెలలు దాటాక కూడా తిండి, నిద్ర, ఇంటిపనీ సాగనంతగా బాధ ఉంటే డాక్టర్‌కి చూపించుకోవాలి. 'నేనూ ఆయన దగ్గరికే పోతే బాగుండు' అనిపిస్తే మాత్రం ఆ రోజే ఇంట్లో చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.

అయినా రెండో కప్పు రోజూ చెట్టుకేనా? ఈ ఆదివారం కోడలికివ్వండి. బిస్కెట్ విరిగి కప్పులో పడే సంగతి చెప్పండి. మామగారి గురించి ఆ అమ్మాయికీ ఏదో ఒకటి గుర్తుండే ఉంటుంది, అడగండి.