డ్రెస్డెన్ వెళ్తే మైసెన్ పింగాణీ కార్ఖానా చూడాలా? చూడండి, కానీ మ్యూజియం కంటే ముందు

జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్న ఫ్రెండ్స్ ఇంటికి అమ్మానాన్నలతో వెళ్తున్నామని, దగ్గర్లోని మైసెన్ ఊళ్లో ఉన్న పింగాణీ కార్ఖానాకి ఒక రోజు పెట్టడం దండగా, పెద్దవాళ్లకి బోర్ కొడుతుందా అని ఒకరు అడిగారు.

తప్పకుండా పెట్టండి. ఒకటే షరతు: ముందు మైసెన్, ఆ తర్వాతే డ్రెస్డెన్‌లోని జ్వింగర్ మ్యూజియం. ఊళ్లోనే ఉంది కదా అని చాలామంది జ్వింగర్ ముందు చూసేస్తారు. అక్కడి పింగాణీ సేకరణలో దాదాపు 20,000 వస్తువులున్నాయి. ప్రదర్శనలో పెట్టినవే గోడలెత్తున కనిపిస్తాయి. ఏమీ తెలియకుండా వెళ్తే కాసేపటికే అన్నీ ఒకేలా అనిపిస్తాయి. ఒక్క కప్పు ఎలా తయారవుతుందో చూసి వెళ్తే మాత్రం అడుగడుగునా కాళ్లు ఆగిపోతాయి.

నేను మా అమ్మతో వెళ్లాను. నా ఇంజినీరింగ్ స్నేహితురాలు, వాళ్లాయన ఇద్దరూ డ్రెస్డెన్‌లో కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో పని చేస్తారు. షిఫ్టులుంటాయి, సెలవు దొరకడం కష్టం. మీ ఫ్రెండ్స్‌ది కూడా అదే పరిస్థితి అయితే దీనికోసం వాళ్లతో సెలవు పెట్టించకండి. వాళ్ల సెలవురోజు వేరే ఊళ్లకి ఉంచుకోండి, ఇది మీరే చూసి రావచ్చు. డ్రెస్డెన్ మెయిన్ స్టేషన్‌లో ఎస్1 లోకల్ ఎక్కితే 40 నిమిషాల ప్రయాణం. చివరి స్టాప్ మైసెన్ ట్రీబిష్‌టాల్‌లో దిగితే అక్కడి నుంచి కార్ఖానా నడిచే దూరమే.

వెళ్లేముందు కాస్త కథ తెలిసి ఉంటే మంచిది. అప్పట్లో గట్టి తెల్ల పింగాణీ చేయడం తూర్పు ఆసియా వాళ్లకే తెలుసు, యూరప్ రాజులు బోలెడు డబ్బు పోసి కొనుక్కునేవాళ్లు. డ్రెస్డెన్ రాజధానిగా ఉన్న సాక్సనీ రాజ్యం పాలకుడు ఆగస్టస్‌కి ఆ పిచ్చి మరీ ఎక్కువ. బంగారం తయారు చేస్తానన్న యోహాన్ ఫ్రీడ్రిష్ బోట్గర్ అనే కుర్రాడిని బంధించి పెట్టాడు. బంగారం రాలేదు. చిర్న్‌హౌస్ అనే శాస్త్రవేత్తతో కలిసి చేసిన ప్రయోగాల్లో 1708 నాటికి తెల్ల పింగాణీ కిటుకు దొరికింది. 1710లో కార్ఖానా మొదలైంది. రహస్యం బయటికి పొక్కకుండా మైసెన్ కొండ మీది ఆల్‌బ్రెష్ట్స్‌బుర్గ్ కోటలో పెట్టారు. 1860లలో కిందికి, ఇప్పుడున్న లోయలోకి మార్చారు. ఆ రహస్యం కాపాడే ప్రయత్నంలో బోట్గర్ జీవితం ఏమైందో తలచుకుంటే నాకు బాధేస్తుంది. 37 ఏళ్లకే చనిపోయాడు.

ఇక సందర్శకుల వర్క్‌షాప్. వరసగా గదులుంటాయి, ఒక్కో గదిలో ఒక్కో పనివాళ్లు మన కళ్లముందే పని చేసి చూపిస్తారు. ఇంగ్లీషులో వివరణ వినిపిస్తుంది, అమ్మానాన్నలకి మీరు పక్కనే ఉండి చెప్పాలి. మొత్తం గంట కూడా పట్టదు కాబట్టి ఎక్కడ మనసు పెట్టి చూడాలో చెప్తాను.

బొమ్మలు అతికే గదిలో పచ్చి బొమ్మనీ, కాల్చిన బొమ్మనీ పోల్చి చూడండి. రెండూ ఒకే అచ్చులోవి, కానీ కాల్చింది దాదాపు ఆరో వంతు చిన్నది. కాలేటప్పుడు మట్టి అంతగా కుంచించుకుపోతుంది. చెయ్యి, తల, కొంగు అన్నీ విడివిడి అచ్చుల్లో తీసి, నీళ్లలా కలిపిన అదే మట్టితో అతుకుతారు. చాచిన చెయ్యి బట్టీలో వంగిపోకుండా కింద ఆసరా పెడతారు. ఆ ఆసరా కూడా అదే మట్టితో చెయ్యాలి, అప్పుడే బొమ్మతో సమానంగా అదీ కుంచించుకుపోతుంది. ఈ ఒక్క సంగతి తెలిశాక జ్వింగర్‌లో కాళ్లు ఎత్తిన గుర్రాన్నీ, రెక్కలు విప్పిన పక్షినీ మామూలుగా చూడలేం.

నాకు అన్నిటికంటే నచ్చింది నీలం రంగు వేసే గది. ఒకసారి కాల్చిన కప్పు ఇంకా గరుగ్గా, నీళ్లు పీల్చేలా ఉంటుంది. డిజైన్‌కి సూదితో చిల్లులు పొడిచిన కాగితాన్ని కప్పుకి చుట్టి, పైన బొగ్గుపొడి అద్దుతారు. కాగితం తీస్తే చుక్కల గీత మిగులుతుంది. అమ్మ వెంటనే నా మోచెయ్యి పట్టుకుని, "మగ్గం వర్క్‌కి పిన్ని వాళ్లు జాకెట్టు గుడ్డ మీద దింపేది ఇలాగే కదే!" అంది. అక్కడి నుంచి నా అనువాదం అవసరం రాలేదు.

ఆ చుక్కల మీద అక్కడి పనావిడ సన్నని కుంచెతో కోబాల్ట్ రంగు లాగుతుంది. కప్పు రంగుని తాకీ తాకగానే పీల్చేస్తుంది, తుడవడం, దిద్దడం కుదరదు. పైగా వేసేటప్పుడు ఆ రంగు నీలంగా ఉండదు, మాసిన బూడిదరంగులా ఉంటుంది. గీత ఎక్కడ చిక్కగా, ఎక్కడ పలచగా వస్తుందో చేతి అలవాటు మీదే తెలియాలి. తర్వాత గాజులా మెరిసే పైపూత వేసి సుమారు 1400 డిగ్రీల దగ్గర కాలిస్తే అప్పుడు నీలం బయటపడుతుంది. అంత వేడిని తట్టుకునే రంగులు చాలా కొద్ది. అందుకే ఎరుపు, గులాబీ లాంటివి పూత మీద వేసి, తక్కువ వేడిలో మళ్లీ కాలుస్తారు. ఆ పని పక్క గదిలో జరుగుతుంది. కప్పు అడుగున మైసెన్ ముద్ర అయిన రెండు కత్తుల గుర్తు కూడా చేత్తోనే వేస్తారు.

బయటికొచ్చాక ఓపిక ఉంటే ఊరి చౌకులోకి వెళ్లండి. అక్కడి ఫ్రావెన్‌కిర్షె చర్చిలో పింగాణీ గంటలున్నాయి, 1929లో పెట్టిన 37 గంటలు. రోజులో కొన్నిసార్లు మోగుతాయి, టైము ముందే కనుక్కోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని కోట దాకా ఎక్కించకండి, చౌకులో కూర్చుని గంటలు వినడమే వాళ్లకి హాయి.

మర్నాడు జ్వింగర్. సోమవారం మూసి ఉంటుంది, ప్లాన్ చేసేటప్పుడు చూసుకోండి. అక్కడ నీలం, తెలుపు చైనా జాడీలు కొన్ని దాదాపు మీటరు ఎత్తుంటాయి. 1717లో ఆగస్టస్ ప్రష్యా రాజుకి 600 మంది సైనికుల్ని ఇచ్చి బదులుగా 151 పింగాణీ వస్తువులు తీసుకున్నాడు, ఈ జాడీలు అందులోవే. మనుషుల్ని అలా లెక్కగట్టి ఇచ్చేయడం ఇప్పటికీ నాకు మింగుడుపడదు. మీ అమ్మానాన్నలకి ఈ కథ జాడీల ముందు నిలబడే చెప్పండి. దగ్గర్లోనే ఫ్యుర్‌స్టెన్‌ట్సుగ్ అనే గోడ, 102 మీటర్ల పొడవున మైసెన్ పలకలతో చేసిన రాజుల ఊరేగింపు, దానికి టికెట్ లేదు.

కొనడం విషయానికొస్తే, చిన్న కప్పూ సాసరూ కూడా చాలా ఖరీదు. చేత్తో ఎంత పని ఉందో చూశాక ఆ ధర ఎక్కువనిపించదు, కానీ మన బడ్జెట్ మనది. కత్తుల గుర్తుని అడ్డంగా గీసి ఉంటే ఆ వస్తువులో చిన్న లోపం ఉందని అర్థం, అవి కొంత తక్కువకి వస్తాయి. వాడుకోవడానికి ఏ ఇబ్బందీ ఉండదు. ఏది కొన్నా చెక్-ఇన్ సూట్‌కేసులో వెయ్యకండి, బట్టల్లో చుట్టి క్యాబిన్ బ్యాగులో చేతిలోనే పెట్టుకోండి.