సముద్రగర్భపు వేడి బాక్టీరియా జీనోమ్ చదవబోతున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. సముద్రం అడుగున వేడినీటి ఊట దగ్గర దొరికిన బాక్టీరియా నీ చేతికొచ్చిందని, వచ్చే వారమే సీక్వెన్సింగ్‌కి, అంటే దాని డీఎన్‌ఏ అక్షరాలన్నీ (జీనోమ్) వరసగా చదివించడానికి, ఇచ్చేస్తానని రాశావు. కొన్నాళ్లు ఆగు తల్లీ.

ముందు కల్చర్‌లో (సీసాలో పెంచుతున్న ఆ బాక్టీరియాలో) ఉన్నది ఒక్క జీవేనా అన్నది తేల్చుకో. ఎందుకింత పట్టుబడుతున్నానో చెబుతాను. 1999లో థెర్మోటోగా మారిటిమా అనే వేడి బాక్టీరియా జీనోమ్ వెలువడినప్పుడు, దాని జన్యువుల్లో 24 శాతం ఆర్కియా (బాక్టీరియా కాని మరో రకం ఏకకణ జీవులు) జన్యువులనే ఎక్కువగా పోలి ఉన్నాయని తేలింది. సలసల కాగే నీళ్లలో పక్కపక్కన బతికేవి జన్యువులు ఇచ్చిపుచ్చుకుంటాయి. రేపు నీ డేటాలోనూ అలాంటివి కనిపించవచ్చు. అవి నీ బాక్టీరియావేనా, సీసాలో దాక్కున్న మరో జీవివా? కల్చర్ మీద నమ్మకం లేకపోతే ఏం జవాబు చెబుతావు?

నా మొదటి జీనోమ్‌కి నేను ఈ తప్పే చేశాను. మైక్రోస్కోప్ కింద అన్నీ ఒకేలా కడ్డీల్లా ఉన్నాయని 16ఎస్ పరీక్ష (ఏ జీవో గుర్తుపట్టడానికి రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ జన్యువును చదవడం) మానేశాను. అసెంబ్లీ (చదివిన ముక్కలను జీనోమ్‌గా అతకడం) అయ్యాక చూస్తే రెండు రకాల 16ఎస్ వరసలు! ఏడాది పని మళ్లీ మొదటికొచ్చింది. నువ్వు పదింతల చొప్పున పలచన చేసుకుంటూ పో. పెరుగుదల కనిపించిన ఆఖరి సీసా నుంచే మళ్లీ మొదలుపెట్టు. అలా మూడుసార్లు చెయ్యి.

వేడిలో బతికేది కదా అని దాని డీఎన్‌ఏ గట్టిదనుకోకు. కణం దాటి బయటికొస్తే అదీ అందరి డీఎన్‌ఏ లాంటిదే. మీడియంలో గంధకం పొడి వేసి ఉంటే కణాలను సెంట్రిఫ్యూజ్ చేసే ముందు దాన్ని అడుక్కి దిగనివ్వు. ట్యూబును గిరగిరా కుదిపే వోర్టెక్స్ జోలికి పోకు, డీఎన్‌ఏ తెగిపోతుంది. పిపెట్ టిప్ కొస కత్తిరించి నెమ్మదిగా పీల్చు. చల్లటి ఇథనాల్ పోసి ట్యూబును మెల్లగా తలకిందులు చేస్తుంటే తెల్లటి నూలుపోగులా తేలుతుంది, చూడు. లాంగ్ రీడ్‌కి (డీఎన్‌ఏను పొడుగాటి ముక్కలుగా చదవడానికి) కావలసింది ఆ పోగే. ఒకే రీడ్‌లో ఆర్కియా తరహా జన్యువుకు అటూ ఇటూ నీ బాక్టీరియా జన్యువులు ఉంటే, అది నీ జీవిదేనని ధైర్యంగా చెప్పొచ్చు. షార్ట్ రీడ్లు (చిన్న ముక్కల చదువు) కూడా చేయించి తప్పులు దిద్దు. లేకపోతే ఒకే అక్షరం వరసగా వచ్చేచోట తప్పు పడి, మంచి జన్యువు కూడా విరిగిపోయినట్టు కనిపిస్తుంది.

జీసీ శాతం (డీఎన్‌ఏలో జీ, సీ అక్షరాల వాటా) తక్కువొస్తే, వేడిలో బతికేదానికి అది ఎక్కువుండాలి కదా అని టెన్షన్ పడకు. 1996లో చదివిన మెథనోకాల్డోకాకస్ జనాషీ అనే ఆర్కియా 2,600 మీటర్ల లోతున దొరికింది, 85 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది. అయినా దాని జీసీ 31 శాతమే. వేడి గుర్తు రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్లు కట్టే యంత్రంలోని ఆర్‌ఎన్‌ఏ) జీసీలో వెతుకు, రివర్స్ గైరేజ్ (అతివేడిలో బతికే జీవుల్లో డీఎన్‌ఏను మెలిపెట్టే ఎంజైమ్) జన్యువు ఉందేమో చూడు. ఆ జనాషీలో సగానికి పైగా జన్యువుల పనేమిటో అప్పుడు ఎవరూ చెప్పలేకపోయారు. నీకూ అలాంటివి వందల్లో వస్తాయి. వాటిని పట్టికలో చివరికి నెట్టేయకుండా తీరిగ్గా కూర్చుని చూడు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజులు అవే.

16ఎస్ ఫలితం, జెల్ ఫోటో (డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసి తీసే ఫోటో) రాగానే పంపు. పైన మందంగా ఒక్క పట్టీ నిలబడి, కిందికి పొగలా జారకపోతే, అప్పుడు సీక్వెన్సింగ్‌కి ఇచ్చేయ్.